వైర్ బ్రష్

ఆదివారం పొద్దున్నే
ఖాజాగూడ గుట్టెక్కి
గుండును గీకుతున్నాను.

ఎర్ర ఎనామిల్ పెయింటు.
"శ్రావ్యా, నువ్వే నా ప్రాణం. ఇట్లు బన్నీ"
ప్రాణం పక్కన సున్నా మరీ మందంగా దిద్దాడు,
థిన్నర్ సీసాలో సగం దానికే అయింది.

కింద సీతాఫలం పొదలో
బిర్యానీ డబ్బా, పగిలిన బీరు సీసా.
ఎవరిదో స్పీకర్లో డీజే దరువు.
కౌజు పిట్ట గొంతు చించుకుంటోంది,
ముక్కు తెరవడమే కనిపిస్తోంది.

మేకల్ని తోలుకొచ్చిన మల్కయ్య
కర్ర మీద గడ్డం ఆనించి
"ఏం రాసిండు బిడ్డా?" అన్నాడు.
చదివి వినిపించాను.
కాసేపు ఊరుకుని,
"మరి గా పిల్ల ఈడిదాంక ఎక్కొచ్చి సదివిందా?"

నవ్వొచ్చింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

పదకొండయ్యేసరికి బన్నీ పోయాడు.
ప్రాణమూ పోయింది.
వాటితో పాటే, చూసుకోలేదు,
రాతినంటుకుని బతుకుతున్న బూడిదరంగు పాచి,
గోరంత పెరగడానికి
నా వయసంత పట్టి ఉంటుంది,
అదీ పోయింది.

ఇప్పుడు గుండు మీద
మనిషి పొడుగు తెల్లమచ్చ.
దిగుతూ వెనక్కి చూస్తే
నేనే ఏదో రాసినట్టుంది.