పచ్చదీపం

జగదీశ్ మార్కెట్లో మా దుకాణం
ఒక మనిషి పక్కకు తిరిగితే నిండిపోతుంది.
ఇడ్లీ రేకు గుంటల్లో స్క్రూలు,
ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దమనిషి.

శుక్రవారం సాయంత్రం కుల్సుంబీ వచ్చింది.
లాడ్ బజార్ వెనక గల్లీలో లక్క గాజులు చేస్తుంది.
నిప్పుల మీద లక్కను మెత్తబరిచి
కర్రతో ముందుకీ వెనక్కీ దొర్లించి
అద్దప్పెంకులు ఒక్కొక్కటే అద్దే చెయ్యి.
ఆ చేతి వాచీ తీసి బల్ల మీద పెట్టి
"భయ్యా, ఇది అబద్ధాలాడుతున్నది" అంది.

"పొద్దుగాల్ల నుంచి పీట మీదికెళ్లి లేవలే.
పదకొండు వేల అడుగులు నడిచిన్నంట.
శెభాష్ అని తెర మీద పటాకులు గూడ కాలుస్తున్నది.
గుండెదడ లెక్క రాసుకోమని డాక్టరమ్మ చెప్తే
చీటీ ఎత్తి కొన్న."

చెమట లోపలికి దిగిందేమో చూద్దామని
అంచు జిగురుకు వేడిగాలి పట్టాను.
మెల్లగా అద్దం లేచింది.
"మా లక్క తీరే" అంది, ముందుకు వంగి.

భూతద్దం కింద చూపించాను:
ఇదిగో, నువ్వుగింజంత నల్ల చిప్పు.
దీని కడుపులో సిలికాన్ ముక్క ఒకటి
వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది.
చెయ్యి కదిలితే అది వెనకబడుతుంది,
సిటీ బస్సు ఒక్కసారి ఎత్తుకుంటే
కడ్డీ పట్టుకోని వాళ్లు తూలినట్టు.
ఆ తూలుడు కొలిచి, వరస కుదిరితే
అడుగు అని రాసుకుంటుంది.
దీనికి కాళ్ల సంగతి తెలీదు,
తెలిసింది ఊపు ఒక్కటే.
నువ్వు లక్క దొర్లిస్తుంటే
గోల్కొండ దాకా పోతున్నావనుకుంది.

"అంటే నా చేతులు నడిచినయా?"

ఏం చెప్పాలో తోచలేదు.

వాచీ బోర్లించాను. వీపు మీద పచ్చదీపం
మినుకు మినుకుమంటోంది.
నెత్తురు ఎరుపు కదా, పచ్చ వెలుతురును తాగేస్తుంది.
గుండె కొట్టినప్పుడల్లా ఉబికి
ఇంకో గుక్క ఎక్కువ తాగుతుంది.
తాగింది ఎంతో ఎవరూ చూడరు.
మిగిలి వెనక్కొచ్చిన వెలుతురును
దీపం పక్కన చిన్న కన్ను పట్టుకుంటుంది,
ఇరానీ హోటల్లో ఖాళీ కప్పులు చూసి
బిల్లు చెప్పే కుర్రాడిలా.

ఇంతలో మా ఓదెలు, చేతులూరుకోవు వాడికి,
తన అరటిపండుకు వాచీ చుట్టాడు.
కాసేపు గీతలు, తర్వాత అంకె.
డెబ్బై నాలుగు.
కుల్సుంబీ పగలబడి నవ్వింది.
నవ్వుతూ నవ్వుతూ ఆగింది.
"మరి డాక్టరమ్మకు చూపెట్టిన లెక్కలు?"

ఫ్యాను తిరుగుతోంది.
ఓదెలు వాచీ విప్పి తల దించుకున్నాడు.

చెయ్యి చూపించమన్నాను.
వాచీ పెట్టుకునే చోట
పాత కాలుడు మచ్చలు, నున్నగా, లక్క పూసినట్టు.
ఆ చర్మం మీద దీపం తడబడుతుందేమో.
పట్టీ వదులు వేరే.
రెండు వేళ్లు పైకి జరిపి బిగించాను.
"ఊపకు, మాట్లాడకు" అన్నాను.
రెండో మణికట్టు నేను పట్టుకున్నాను,
కళ్లు గోడ గడియారం మీద,
చెవుల్లో మార్కెట్టు మార్కెట్టంతా.

అర నిమిషానికి నలభై ఒకటి.
నా లెక్క ఎనభై రెండు, వాచీ లెక్క ఎనభై మూడు.
ఆ ఒక్కటి ఎవరు తప్పామో
ఇద్దరికీ తెలీదు.

"డాక్టరమ్మకు గిది గూడ చెప్త," అంది,
"అరటిపండు సంగతి."

జిగురు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది.
వాచీ నా దగ్గర వదిలి,
బోసి చేత్తో కొంగు సర్దుకుని
కోఠి బస్టాపు దాకా నడిచిపోయింది.
పొద్దుటి నుంచీ అవే మొదటి అడుగులు,
ఏ లెక్కలోనూ పడలేదు.

ఓదెలు అరటిపండు ఒలిచి,
ఒకసారి దాని వంక చూసి,
తినేశాడు.