మూడు పాయింట్ ఎనిమిది

పూర్ణా మార్కెట్ వెనక సందు.
అగ్గిపెట్టెంత అరలు, ఒక్కో అరకీ ఒక వోల్టేజీ.
కొట్టు మా మావయ్యది, చూపు మాత్రం నాది.
ఇత్తడి మెడ మీద చెక్కిన అంకెలు
ఆయనకి ఆనడం మానేసి రెండేళ్లు.

చదివి చెప్తాను:
ఆరు పాయింట్ మూడు, సున్నా పాయింట్ ఒకటి ఐదు, మర తొడుగు.
"రేడియో ముల్లు వెనకది. దాచు."
ఇరవై నాలుగు, రెండు వాట్లు, పిన్నుల తొడుగు.
"ఓడ పేనల్‌ది. షిప్‌యార్డోళ్లు అడుగుతారు."
ఎవరూ అడగరు. అయినా దాస్తాను.

అంకె అరిగిపోయినదాన్ని
చెవి దగ్గర పెట్టి ఊపుతాడు.
సన్నగా గలగలమంటే తీగ తెగినట్టు,
నోరెత్తకపోతే బతికున్నట్టు.

నిన్న జాలరిపేట నుంచి గరికిన నూకాలు
మూడు సెల్లుల టార్చి పట్టుకొచ్చింది.
"రెండున్నరదే ఎయ్యి బాబూ, తెల్లగా ఎలుగుద్ది."
వేశాను.
ఎదురుగోడ మేకులన్నీ లెక్కపెట్టేంత వెలుగు,
అంతలోనే టప్పుమని
గాజు లోపల మసి.
మావయ్య ఏమీ అనలేదు.
మూడు పాయింట్ ఎనిమిది తడిమి తీసిచ్చాడు,
డబ్బులు ఒక్కదానికే పుచ్చుకున్నాడు.

కొట్టు గుమ్మం మీద ఒకటుంది.
పన్నెండు వోల్టులదాన్ని ఎనిమిదికి కట్టాడట,
నేను పుట్టకముందు.
ఉప్పుగాలికి తొడుగంతా చిలుమెక్కింది,
తీగ మాత్రం రేగిపండు రంగులో అలాగే ఉంది.
దాని కింద ఏదీ చదవలేం.
తలుపులేశాక ఎవరో సైకిలాయన
దాన్ని చూసుకునే మలుపు తిరుగుతాడు.

పన్నెండని మావయ్యే అంటాడు.
నిచ్చెనెక్కి నేనెప్పుడూ చూడలేదు.