సంపంగి చెరువు మీద

వాన దంచికొట్టి ప్రాక్టీసు ఆగిన సాయంత్రం.
కంఠీరవ స్టేడియం మెట్ల కింద, మా మసాజు గదిలో
కరెంటు లేదు.
ముళబాగిలు నుంచి కొత్తగా చేరిన ముబీనా
తువ్వాళ్ళు మడతపెడుతూ అడిగింది:
"వన్నూరన్నా, ఏ పెద్ద ప్లేయరు బతుకైనా
నీకిచ్చేస్తామంటే ఎవరిది అడుగుతావు?
నేనైతే క్రికెట్టోళ్ళలో ఎవరిదైనా సరే.
ఇంటికి మూడు బాత్రూములుంటాయంట."
పదకొండు మందికి ఒకే కొళాయి ఉన్న
హాస్టలు పిల్ల కోరిక అది, తప్పేముంది.

నాకు వెంటనే జవాబు రాలేదు.
ఇరవై రెండేళ్ళుగా గొప్పవాళ్ళు నాకు
బోర్లా పడుకున్న వీపులు.
ముఖాలేమో మర్నాడు పేపర్లో చూసుకుంటాను,
అందరితో పాటే, టీ కొట్టు దగ్గర.

ఈటె విసిరే ఆ అబ్బాయి ఉన్నాడు కదా,
పోయినేడు దండలు వేసి జీపులో ఊరేగించారే,
వాడి కుడి భుజం నాకు తెలుసు.
చలికాలం పొద్దున తుప్పుపట్టిన గేటులా కిర్రుమంటుంది.
అంత దూరానికి ఈటెను పంపిన చెయ్యి
దువ్వెనతో నెత్తి దాకా పోలేదు.
ఎడమ చేత్తో పాపిడి తీసుకుని
వంకర వచ్చిందా అని నన్నడుగుతాడు.

ఇంకొకతె, బాక్సింగు పిల్ల.
బరువు తూచే ముందు రాత్రి
ఇంకా రెండు వందల గ్రాములు ఎక్కువ.
రెండు స్వెట్టర్లు తొడుక్కుని ఈ మెట్లన్నీ ఎక్కి దిగి
నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి
బల్ల మీద పడుకుని అడిగింది:
"అన్నా, మీ ఇంట్లో ఈ రాత్రికేంది?"
సంగటి, చెనక్కాయల ఊరిబిండి అన్నాను.
"ఊరికే అట్ల కాదు, మెల్లగా చెప్పు."
చెప్పాను. చెనక్కాయలు వేయించడం, ఎండుమిరపకాయలు,
రోట్లో చింతపండు పడ్డప్పటి చప్పుడు,
వేడి ముద్దకు వేలితో గుంట చేసి నెయ్యి పోయడం.
కళ్ళు మూసుకుని చెవులతో తిన్నది.
చివర్న "చాలన్నా" అన్నది, కడుపు నిండినట్టు.
ఆ వారమే మెడల్ని కొరుకుతున్న ఫొటో వచ్చింది.
ఆకలికి కొరుకుతోందేమోనని
నాకొక్కడికే అనుమానం.

ఇదంతా ముబీనాకు చెప్పలేదు.
కొత్తగా వచ్చిన పిల్ల. మూడు బాత్రూములూ ఉండనీ.

వాన తగ్గింది. కిటికీలోంచి ట్రాక్ మెరుస్తోంది,
గీతలన్నీ నీళ్ళలో.
ఇది సంపంగి చెరువు. పూడ్చి చాలా ఏళ్ళయింది,
వానకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

అప్పుడు గుర్తొచ్చింది దేచమ్మ మేడం.
ఎనిమిది వందల మీటర్లు. ఆమె బొమ్మ
ఒకప్పుడు సిటీ బస్సుల పక్కన అతికించి ఉండేది,
బస్సు ట్రాఫిక్‌లో ఆగినా ఆమె పరుగు ఆగేది కాదు.
ఇప్పుడు బుధవారాలు వస్తుంది, గొడుగును కర్రలా ఆనించుకుని.
గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ "యారు బేకమ్మా?" అంటాడు.
ఆమె పుస్తకంలో పేరు రాసి
'వచ్చిన పని' అన్న గడిలో
గుండ్రటి అక్షరాలతో 'మోకాలు' అని రాస్తుంది.
రాసి, తన జోకుకు తనే నవ్వుకుంటుంది.
నా దగ్గర పని అయ్యాక ఒక చుట్టు నడుస్తుంది,
పిల్లలకు అడ్డం రాకుండా ఎనిమిదో లేనులో,
సంచిలోంచి మైసూరుపాకు తీసి కొరుక్కుంటూ,
గ్రాముల లెక్క లేకుండా.
ఆఖరి మలుపు దగ్గర ఆగి, మడమతో నేల తట్టి చూస్తుంది.
"ఇక్కడ కింద చేపలున్నాయి వన్నూరప్పా,
చివరి రెండు వందల మీటర్లూ అవే తోసేవి నన్ను."

కరెంటు వచ్చింది. ఫ్యాను మూలిగింది.
"చెప్పన్నా, ఎవరిది?"
"దేచమ్మ మేడంది," అన్నాను.
ముబీనా తువ్వాలు మడత ఆపి
"ఎవురన్నా ఆమె?" అన్నది.

"బుధవారం వస్తుంది.
నూనె వేడిచేసి పెట్టు."