ఓడ పేరు స్పష్టంగా తెలుపవలెను

ఏడో తరగతిలో నా దస్తూరి బాగుండేది.
అందుకని కడారి ముత్యాలు పింఛను అర్జీలు
పదకొండూ నేనే రాశాను.
దేవరకొండ ముద్రతో వెళ్ళినవి
నల్లగొండ ముద్రతో తిరిగొచ్చేవి
ఎర్రసిరాలో ఒకటే వాక్యం మోసుకుని:
ఓడ పేరు స్పష్టంగా తెలుపవలెను.

"ఏం పేరు తాతా?"
"పువ్వు పేరే బిడ్డా.
ఆ తీరు ఓడలన్నిటికి దొరలు పువ్వుల పేర్లే పెట్టిన్రు.
మంచి మంచి పువ్వులు ముందొచ్చిన ఓడలకు పోయినయి.
మా దానికొచ్చింది
వాళ్ల దేశపు చేన్లల్ల కలుపు మొక్క పేరు.
నాకు నోరు తిరగదు.
నువ్వు గునుగు అని రాయి."

రాశాను.
గునుగు అను ఓడ లేదని జవాబు.

బొంబాయి గోదాములో మూటలు మోయబోయిన వాణ్ణి
చెవులు పరీక్షించి తీసుకున్నారట.
పక్షిగూడంత అరలో కూర్చోబెట్టి
చెవులకు డిప్పలు తగిలించారట.
సముద్రాన్ని నాకు మంద భాషలోనే చెప్పాడు:
"సరుకు ఓడలు గొర్లు. నలభై రెండు.
కుంటిగొర్రె నడకే మంద నడక.
మాది కుక్క. బక్కది.
సుట్టూ తిరుగుడే దాని పని.
గాలి లేస్తే అన్నం గిన్నె ఒక దిక్కు, మనిషొక దిక్కు.
తోడేలు నీళ్ల కింద.
కండ్లకు ఆనదు. ఇనాలె."

టంగుమని నీళ్లలోకి ఒక చప్పుడు విసిరేవారు.
దేనికైనా తగిలితే తిరిగొచ్చేది.
రాత్రంతా అదే.
"పిలిస్తే పలకకుంటేనే
ఆ దిక్కు సల్లగున్నట్టు."

ఒకనాడు పలికింది.
ముత్యాలు అరిచాడు.
పీపాల కొద్దీ మందుగుండు దొర్లించారు.
సముద్రం లేచి నిలబడి కూలింది.
తెల్లారి చూస్తే తిమింగలం.
పక్కన దాని పిల్ల
తల్లిని మూతితో నెడుతోంది.
ఈనిన గొర్రె దగ్గర రాత్రులు గడిపినవాడు
ఆ పూట అన్నం ముట్టలేదు.

తొమ్మిదో రోజు మళ్ళీ పలికింది.
ఈసారి ఆగాడు.
చేపేమో, తల్లేమో అని
రెండు ఊపిర్లు.
రెండే.
మంద చివరి కుంటిగొర్రె
మంటై, పొగై, నీళ్లమీద నూనె మరకై పోయింది.
ఎంతమంది అని నేనడగలేదు.
ఆయన వేళ్ళు మాత్రం గొంగడి అంచు మీద
ఏదో లెక్కపెడుతూ పోయాయి
నేను పెన్ను మూత పెట్టేదాకా.

ఇది అర్జీలో రాయాలా అన్నాను.
"రాస్తే పింఛనిస్తరా?" అని నవ్వాడు.
ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చలేదు.

ఊళ్ళో ముత్యాలంటే ఎకసెక్కం.
నడిజామున ఆకు కదిలినా
"తోడేలొచ్చె, లేవుండ్రి!" అని దొడ్లన్నీ లేపేవాడు.
లాంతర్లు వెలిగేవి, తిట్లు వెలిగేవి.
కుక్కలు కూడా విసుక్కునేవి.
మర్నాడు రాత్రి మళ్ళీ.
ఉందో లేదో అని ఆగడం
ఆయన మానేసి అప్పటికి నలభై ఏళ్ళు.

బోరు బండి మొదటిసారి మా ఊరికొచ్చినప్పుడు
మూడొందల అడుగులూ దుమ్మే.
డీజిలు పైసలకు తగువాడి అందరూ వెళ్ళిపోయాక
ముత్యాలు వంగి
ఇనుప గొట్టంలో రాయి జారవిడిచి
చెవి ఆనించాడు.
"ఏమన్నా వినబడ్డదా తాతా?"
ఆగమని చెయ్యెత్తాడు.
ఎండ గొట్టం మీద నుంచి ఆయన వీపు మీదికి జరిగింది.
చెయ్యి దించలేదు.

పన్నెండో అర్జీ సగం రాసినది నా దగ్గరే ఉంది.
ఓడ పేరు దగ్గర ఖాళీ.
మొన్న భాద్రపదంలో కలుపుకొచ్చిన ఆడవాళ్ళను
ఉత్తరం గట్టు మీది గునుగు వదిలేయమన్నాను.
ఎందుకని అడిగారు.
స్పష్టంగా తెలుపలేకపోయాను.
పిచ్చి సారు అనుకున్నారేమో,
కొంగులు బిగించి
పక్క సాలులోకి సాగారు.