నాలుగో రికార్డు మీది గీత

కాజీపేట రైల్వే క్వార్టర్ ఖాళీ చేసుకుంట
గార్డు డెంజిల్ సాబ్ ఆరు రికార్డులు ఇచ్చిపోయిండు.
అన్నీ ఒక్క బ్యాండువే, లండన్‌ల వాయించినవి.
పాట లేదు, మాట లేదు.

మొదటిది నాకు అంతుపట్టలే.
రెండోది వినుకుంట ఒగ్గు సారయ్య
మోకాలి మీద ఏడు లెక్కబెట్టి
"తప్పిపోతలేరు, తిరిగొస్తున్నరు" అన్నడు.

మూడోదాని అట్ట వానకు నానింది.
ఐదు, ఆరు రాత్రి డ్యూటీ దిగినంక వినేటివి.

నాలుగోదాంట్ల గీత.
సాక్సఫోన్ అక్కడికొచ్చి
ఎక్కిన మెట్టే మళ్లా ఎక్కుతది,
ముల్లును నేనే వేలితో జరపాలె.

మొన్న మేనల్లుడు ఫోన్‌ల అదే వినిపించిండు.
గీత లేదు.
సిగ్నల్ పడ్డ బండి లెక్క సాగిపోయింది.

నా వేలు మాత్రం
గాలిల లేచి ఆగింది.