చాలన్న కబురు

కాగితం కన్నా పలచగా కోసిన ముక్కను
మూడు రంగుల్లో ముంచి తీస్తాను.
కండ ఎర్రగా తేలుతుంది, కేంద్రకాలు నల్లగా,
అతుకు నీలంగా.
ఎర్రగడ్డలో, కిటికీ తెరుచుకోని గదిలో
పద్నాలుగేళ్లుగా ఇదే నా పని.

ఊపిరితిత్తిలో నీలం కొంచెమే ఉండాలి,
పెన్సిల్‌తో గీసీ గీయనట్టు.
ఇవాళ్టి ముక్క మీద
ఎవరో ఇంకుబుడ్డి తన్నేసి పోయారు.

చీటీ తిప్పి చూశాను.
ఖుద్రతుల్లా, అరవై మూడు, పత్తర్‌గట్టి.
వృత్తి: రఫూ.

రెండేళ్ల కింద అమ్మ చీర పట్టుకుని పోయాను.
ఇస్త్రీపెట్టె కొంగు మీద రూపాయి బిళ్లంత కాల్చింది.
గల్లీలో మెట్టు మీద, పగలే వెలిగించిన బల్బు కింద
చీర లోపలి అంచు నుంచే పోగు లాగి
చీరనే చీరకు అతికాడు.
"రఫూ జేసుడు అందరికొస్తదమ్మా, ఆపుడే రాదు.
బట్ట మల్ల బట్టలెక్క కదిలిందా, సూది ఇడిచిపెట్టాలె.
ఇంకో నాలుగు కుట్లు అనుకున్నవా,
ఆడ బట్టుండది, దారమే ఉంటది."
పళ్లతో పుటుక్కున కొరికి
ముప్పై రూపాయలు చాలన్నాడు.

ఆయన మిద్దె మీద నలభై కబూతర్లు.
పొద్దు వాలితే ఈల, రెక్కల చప్పుడు,
కంటికి ఆనని పొడి.
ఆ పొడి ఈకలది, ఎండిన రెట్టది.
ఊపిరితో పాటు లోపలికి పోయింది.

లోపల కావలి కణాలు ఉలిక్కిపడ్డాయి.
పక్కవాటికి కబురు పెట్టాయి:
మంట. వాపు. పరుగు.
ఆ వెనకే కుట్టేవాళ్లకు ఇంకో కబురు:
చిరిగింది, రండి.

వచ్చారు.
వాళ్ల మీద నాకు కోపం లేదు.
బ్లేడు జారి నా వేలు తెగిన ప్రతిసారీ
కూడదీసింది ఆ చేతులే.
నాలుగు రోజుల పని, దారం తెంపి లేచిపోవాలి.
కానీ మర్నాడు సాయంత్రం మళ్లీ ఈల,
మళ్లీ పొడి, మళ్లీ కబురు.
పదకొండేళ్లు.
చాలన్న కబురు మాత్రం
ఎవరూ పంపలేదు. పంపినా
ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

రిపోర్టు కోసం కొడుకు నయీమ్ వచ్చాడు.
"డాక్టర్ వీపు మీద పెట్టి విన్నడు మేడం.
పోరగాండ్ల బూట్ల పట్టీ ఊడదీస్తే వస్తదే, గా చప్పుడంట.
అబ్బా నవ్విండు.
చినిగే చప్పుడు నాకెరకే బేటా,
ఇది బిగిసిన చప్పుడు అన్నడు."

కబూతర్లో? అడిగాను.
"కార్వాన్‌ల ఒకాయనకిచ్చినం.
రెండు తిరిగొచ్చినయ్.
తలుపు తియ్యలే."

పొడి లేదిప్పుడు. మాత్రలకు వాపూ తగ్గింది.
అయినా నీలం పాకుతూనే ఉంది.
మా సార్ చెప్పారు:
గట్టిపడిన చోటు ఊరికే ఉండదు.
మంటతో పని లేదు దానికిక.
ఆ బిగువే ఒక కబురు,
పక్క చోటికి చెబుతుంది: నువ్వూ బిగుసుకో.
ఈల ఆగినా వచ్చి వాలిన
ఆ రెండు పక్షులు గుర్తొచ్చాయి నాకు.
మందులున్నాయి. నడక నెమ్మదిస్తుంది.
కుట్టింది విప్పే మందు మాత్రం
ఇంకా ఎవరి సంచిలోనూ లేదు.

రాత్రి జగద్గిరిగుట్టలో
అమ్మ చీర తీసి ట్యూబులైటుకు అడ్డం పెట్టాను.
అతుకెక్కడో కళ్లు పట్టలేకపోయాయి.
కొంగంతా వేలితో తడుముతూ పోతే
ఒక చోట, చీమ తలంత గరుకు.
ఆయన ఆపిన చోటు.
అమ్మ అడిగింది, ఏం వెతుకుతున్నావే అని.
ఏం లేదన్నాను.

పొద్దున్న ఇంకో ఆరు స్లైడ్లు ఉన్నాయి.
నీలం సీసా అడుగంటింది,
ఇండెంటు రాయాలి.