గుండె జారిన కారు

టోరినోలో నవంబరు. స్టూడియో అద్దాల మీద మంచు పొగ.
ఓవెన్‌లో మెత్తబడిన మట్టిని
బొటనవేలితో ఒత్తి ఒత్తి పరుస్తున్నాను.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే నా పని:
ఇంకా పుట్టని కార్లకి ముఖాలు చెయ్యడం.

లుబ్లియానా నుంచి వచ్చిన కుర్రాడు తదేయ్
ఒక చక్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు.
పెట్టడం కాదు, ఇద్దరం పట్టి దించాం.
లోపల రాగితీగ చుట్టలు, చుట్టూ అయస్కాంతాల కడియం.
"ఇంజన్ ఇదే, ఎర్మెలిందా.
ఇలాంటివి నాలుగు. ఇంకేం లేదు."

ఇంకేం లేదా?
గేర్‌బాక్సు లేదు. పొడుగాటి షాఫ్టు లేదు.
వెనక సీటు ముందు గట్టులా లేచే మిట్ట లేదు.
నడిమి పిల్ల కాళ్ళు ఎప్పుడూ ఆ మిట్టమీదే.
ఆ నడిమి పిల్లని నేనే.
డిఫరెన్షియల్ కూడా లేదు.

ఆ మాట దగ్గర నా వేలు ఆగింది.

స్తురా నది ఒడ్డున ఒక రేకుల షెడ్డులో
మా నాన్న డిఫరెన్షియల్ పళ్ళు కోసేవాడు.
ఆదివారాలు మా ముగ్గురినీ చేతులు పట్టించి
ఒకే వరసలో వీధి మలుపు తిప్పేవాడు.
లోపలివైపు చెల్లి ఉన్నచోటే అడుగులు మార్చేది,
బయటివైపు అన్న రొప్పుతూ పరుగెత్తేవాడు.
"చూశారా, మలుపు అందరికీ ఒకే దూరం కాదు.
ఆ తేడా పంచిపెట్టేవాడొకడు మధ్యలో ఉండాలి."

మా ఇంట్లో ఆ ఒకడు ఆయనే.
ఆయన పోయాక
మేం ఏ మలుపూ కలిసి తిరగలేదు.

తదేయ్ అంటాడు, ఇప్పుడు ఏ చక్రం లెక్క దానిదే.
రెప్పపాటులో వందసార్లు ఒకదాన్నొకటి అడుగుతాయట:
నువ్వెంత తిరిగావు? నేనెంత తగ్గాలి?
మధ్యలో పెద్దమనిషి లేడు. మాట్లాడుకోవడం ఉంది.
ఆ రాత్రి అన్నకి నాలుగు ముక్కలు రాసి
పంపకుండానే చెరిపేశాను.

"గుంతలో పడితే?" అన్నాను మర్నాడు.
వాడు నవ్వలేదు. వాడికి నిద్రపట్టనివ్వనిది అదే.
బరువంతా స్ప్రింగులకి దిగువనుంది,
ప్రతి రాయీ దారి అడక్కుండా గుండెకే తగులుతుంది.
గుండె జారిందంటే హడలిపోయామని కదా మనం చెప్పుకునేది!
దీనికి గుండె జారడమే పుట్టుక,
అరికాళ్ళలో పెట్టుకుని ఊరంతా నడవాలి.

మరి ఈ ముక్కెందుకు?
నూరేళ్ళుగా ఇంజన్ దాక్కున్న ఇల్లు ఇది. ఇప్పుడు ఖాళీ.
అమ్మకాల విభాగం నుంచి వచ్చిన ఫాల్కియెరో
ముక్కులేని కారు ఎవరు కొంటారని చేతులు ఊపాడు.
నేను రేకు కత్తి తీసుకున్నాను.
మూరెడు మట్టి తొట్టిలో పడింది.
కారు నావైపు చూసింది,
కళ్ళద్దాలు తీసేసిన మనిషిలా, కొంచెం సిగ్గుగా.
ఫాల్కియెరో ఏమీ అనలేదు. కాఫీ తాగడానికి వెళ్ళాడు.

రాత్రి నమూనా బండి పరీక్ష తిరిగి వచ్చి
పెరట్లో ఆగింది, చప్పుడు లేకుండా.
గోడమీది బూడిదరంగు పిల్లి
ఈ పెరట్లో ఆగిన ప్రతి కారునీ ఎరిగినది,
అలవాటుగా బానెట్ మీదకి దూకింది.
చల్లగా ఉంది.
మోసపోయినట్టు ఒక కాలు ఎత్తి చూసుకుంది.
దిగింది. వాసన పట్టింది. చుట్టూ తిరిగింది.
ముందు ఎడమ చక్రానికి వీపు ఆనించి
ముడుచుకుపోయింది.

మాకు నెలలు పట్టింది ఆ సంగతి ఒప్పుకోవడానికి.

పొద్దున్నే చక్రం మీది అంచుని
రెండు వేళ్ళ మందం పైకి ఎత్తాను.
మార్పుకి కారణం రాయాల్సిన గడిలో
"గాలి ఆడటానికి" అని రాశాను.